ఎవరి జాన?

నా చిన్నప్పుడు మా తాత నవ్వాడంటే ఎవరికో మూడిందని అర్థం. అనంతపురంలో ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. పల్లెలకు జనాన్ని తిప్పే జీపులకు వెనక కమ్మీలు వంచి, పైన టాపు వేసేవాడు. తొంభైల చివర, వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్లలో, సేద్యం మానుకున్న మా నాయన కూడా ఒక జీపు కొన్నాడు.

దానికి టాపు నేను గీస్తానన్నాను. నాకప్పుడు పదేళ్లు. పేపర్లో చూసిన కారు మాదిరి వెనక్కి వాలిన టాపు గీసి, సీటు నుంచి టాపుకు ఐదు జానలని రాసిచ్చాను. తాత నవ్వాడు. ఆయన దగ్గర టేపు ఉంది. అయినా నా చెయ్యి చాపించి, నా జానతోనే కొలిచి, ఉన్నదున్నట్టు కట్టించాడు. నేను బడిలో అందరి దగ్గరా డప్పు కొట్టుకున్నాను.

లేపాక్షి చూడాలని మా అవ్వ ఎన్నేళ్లుగానో అడుగుతుండేది. బయలుదేరే పొద్దున తాత, "మొదట మీ అవ్వ ఎక్కల్ల" అన్నాడు. వేరుశనగ చేలో చెనిక్కాయలు పెరికి పెరికి నడుము పట్టేసిన అవ్వ, మనవరాలు గీసిన జీపని మురిసిపోతూ ఎక్కింది. కూర్చోబోతే తల కమ్మీకి కొట్టుకుని నుదురు చిట్లింది. వెనక్కి దిగలేక మధ్యలో ఇరుక్కుపోయింది. షెడ్డు పనివాళ్లు పగలబడి నవ్వారు. నాయన దించబోతే, "ఉండప్పా, పాప చూడల్ల" అని తాత అడ్డం నిలిచి నా వైపు తిరిగాడు.

"ఏమే, ఇది ఎవరి జాన? నీదా, మీ అవ్వదా?"

అవ్వ మోకాళ్ల మీద పాకుతూ తనే దిగి, కొంగుతో నెత్తురు తుడుచుకుంది. "పాప బాగనే గీసిండాది. నా తలకాయే పెద్దదైపాయ" అంది. తాత మాటకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

ఆ కమ్మీలు తాత నాతోనే కోయించాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. అవ్వ మాత్రం భయపడి ఆ జీపు మళ్లీ ఎక్కలేదు. లేపాక్షి చూడకుండానే పోయింది.

రెండు వేల పది దాటాక చదువు ముగించి, కార్లు గీసే పనిలో చేరాను. ఇప్పటికీ కాగితం మీద చక్రాల కంటే ముందు నడుము పట్టేసిన ముసలమ్మను కూర్చోబెట్టి, ఆమె చుట్టూ కారు గీస్తాను. నా దగ్గరికి వచ్చే పిల్లలకూ అదే నేర్పుతాను. తాత నేర్పింది తప్పు కాదు. చేతిలో టేపు ఉండి కూడా అవ్వ తలతో కొలిచినందుకు మాత్రం, ఆయన్ను నేను ఈనాటికీ క్షమించలేదు.