కిటికీ ముందు పొట్టి దేవదారు

ముప్పై ఏళ్ళుగా ఊరివాళ్ళ తలలు చక్కబెడుతున్న ఆ కటింగు షాపాయనకు సొంత తోట అంటూ ఉన్నది ఇంటి వెనక రెండు మంచాలంత జాగా. అందులో, కిటికీకి ఎదురుగా, ఒక పొట్టి దేవదారు. ఏడాదికి బొటనవేలంత పెరిగితే గొప్ప. పన్నెండేళ్ళకు గానీ కిటికీ అంచు దాటలేదు. నడుము పడిపోయి మంచం పట్టిన భార్యకు, తక్కిన మొక్కలు ఎండినా రాలినా, కళ్ళ ముందు పచ్చగా నిలిచేది అదొక్కటే.

ఆ ఏడు చెట్టు ఒత్తుగా కమ్ముకుని వెలుతురుకు అడ్డం వచ్చింది.

"ఏమండీ, ఊరందరికీ క్రాపు చేస్తారు. దీనికి కాస్త చెయ్యలేరూ?" అంది ఆమె.

"నీ చెట్టుకీ నేనే దిక్కయ్యానన్నమాట!" అని ఆయన మురిసిపోయాడు. షాపు కత్తెర తెచ్చి, దువ్వెనతో దువ్వి మరీ, కిటికీవైపంతా లోపలి గోధుమరంగు పుల్లలు తేలేదాకా కత్తిరించాడు.

"అయ్యో, గుండు కొట్టేశారే!"

"రెండు నెలలు ఆగు. నేను కోసింది మళ్ళీ రాకపోవడమంటూ ఉందా?"

ఆరు నెలలు గడిచాయి. అవతలివైపు పచ్చగానే ఉంది. ఇవతల మాత్రం ఎండుపుల్లలు. రోజూ పొద్దున్నే ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పుల్లా తడిమి చూసేవాడు.

"వచ్చిందా?" అని లోపల్నుంచి అడిగేది.

"అదుగో, వస్తోంది" అని అబద్ధమాడేవాడు.

ఒకరోజు నర్సరీ అతను కటింగుకు వస్తే, మాటల్లో మాటగా చెట్టు సంగతి అడిగాడు.

"పచ్చ ఉన్నంతవరకే కొయ్యాలి బాబాయ్. ఎండుపుల్లలోకి దిగితే ఇక చిగురనేది రాదు. జుట్టు కాదుగా అది!"

"పోనీ, తవ్వి, పచ్చగా ఉన్నవైపు ఇటు తిప్పి నాటితే?"

"ముదురు చెట్టు. వేళ్ళు కదిపితే ఆ ఉన్న పచ్చా పోతుంది."

కుర్చీలోని తల సగమే అయింది. మిగతా సగం ఆయన ఆచితూచి కత్తిరించాడు.

సాయంత్రం భార్యకు అంతా చెప్పేశాడు. "పీకేసి కొత్తది పెడతాలే" అన్నాడు.

"కిటికీ దాకా ఎప్పటికొస్తుందో?"

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి, పన్నెండు దగ్గర ఆగాడు.

"నన్ను అటు తిప్పి పడుకోబెట్టండి."

"గోడవైపా?"

"ఊఁ. అక్కడ మీరు కొయ్యడానికి ఏమీ లేదుగా."

వేళాకోళమో నిష్ఠూరమో ఆయనకు తెలియలేదు. రెండు చేతులూ ఆమె కింద పోనిచ్చి, మెల్లగా గోడవైపు తిప్పాడు.