రేడియో మింగేసిన మాటలు

ఎడిసన్‌లో ఉన్నప్పుడు మా అమ్మాయిని హైస్కూల్లో దింపి ఆఫీసుకు వెళ్ళేదాన్ని. దారిపొడవునా వసపిట్టలా వాగే పిల్ల ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. కారెక్కగానే రేడియోలో ఒకే పాట కోసం వెతికేది. అప్పట్లో ఏ స్టేషన్ పెట్టినా అదే మోగేది. ఒక కుర్రాడు గుక్క తిప్పుకోకుండా ఎవరినో కడిగేసే హిప్‌హాప్ పాట. బూతు వచ్చినచోటల్లా రేడియోవాళ్ళు ఆ మాట మింగేసేవారు. సగం పాట ఖాళీయే.

ఏమైందే అంటే "నథింగ్" అనేది. ఇక లాభం లేదని పాటను పట్టుకున్నాను.

"ఏ సినిమాలోదే ఇది?"

"సినిమా లేదు, అమ్మా. జస్ట్ సాంగ్."

సినిమా లేకుండా పాటేమిటి? నేనెరిగినంతలో ముందు కథ, కథలో ఒక సందర్భం, దానికి ట్యూను, ఆ తర్వాతే కవిగారు కలం పట్టడం. హీరోయిన్ అలిగిందో, పెళ్ళి తప్పిపోయిందో తెలియకుండా వినడమెలా? నేను అంత తేలిగ్గా వదిలే రకాన్ని కాను.

"మరి సందర్భం ఏమిటి? ఎవరిని తిడుతున్నాడు?"

"గర్ల్‌ఫ్రెండ్‌ని. రియల్‌గానే వదిలేసింది. నెక్స్ట్ డే స్టూడియోకి వెళ్ళి పాడేశాడు. ఇంటర్వ్యూలో చెప్పాడు."

ఇంటి గొడవను ఊరందరికీ వినిపించడం నాకు విడ్డూరంగా తోచింది. "వదిలేస్తే ఏడవాలి గానీ, అంత కోపమెందుకు?" అన్నాను.

"వదిలేసినందుకు కాదు. వాయిస్‌మెయిల్‌లో చెప్పింది, అమ్మా. ఎదురుగా వచ్చి చెప్పలేదు. అది హర్ట్ చేస్తుంది." కిటికీవైపు తిరిగి అంది: "నాకు టెక్స్ట్ పెట్టాడు."

అబ్బాయి ఒకడున్నాడని నాకు తెలిసిందే అప్పుడు. ఆ సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. స్కూలు దాటిపోయి, మనవాళ్ళ దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో ఇంకా తెరవని చీరల కొట్టు ముందు కారు ఆపాను. స్టేషన్ మారిస్తే అక్కడా అదే పాట. సౌండు పెంచాను. రేడియో మాట మింగిన మొదటి ఖాళీలో "సచ్చినోడా" అన్నాను. తర్వాతిదానిలో "అప్రాచ్యపు వెధవా". ఆ తర్వాత, "నీ మొహం మండ".

పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే నా భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. పాట అయ్యేదాకా నేను ఒక్క ఖాళీనీ వదల్లేదు.