మావయ్యగారి అరగంట

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, అర్థంకాని తప్పు ఒకటి ఎదురైతే నాకు అన్నం సయించేది కాదు. (ఇప్పుడు శుభ్రంగా తినేసి, ఆ తర్వాతే చూస్తున్నాను.) గుడివాడలో ఒక చిన్న కంపెనీ చేపల వ్యాపారుల కోసం వెబ్‌సైట్ నడిపేది. అందులో నేను ట్రైనీని. మా మొదటి పెద్ద కస్టమరు బందరులో చేపల షెడ్డున్న పెద్దమనిషి. అందరితోపాటు నేనూ ఆయన్ని మావయ్యగారనే పిలిచేదాన్ని. ఒకరోజు ఆయన కంప్యూటర్‌లో మా సైటు లాగిన్ కావడం లేదన్నారు. సాయంత్రంలోగా తేల్చకపోతే ఆయన వేరే కంపెనీకి వెళ్ళిపోతారని, ఆయన వెనకే నా ఉద్యోగమూ వెళ్తుందని మా మేనేజరు మెల్లగా చెప్పి బస్సెక్కించారు.

వింత ఏమిటంటే, పాస్‌వర్డు తప్పు కొడితే తప్పని ఎర్రగా చెప్పేది. సరైనది కొడితే మాత్రం ఏమీ అనకుండా మళ్ళీ లాగిన్ పేజీకే తెచ్చి నిలబెట్టేది. అదే పాస్‌వర్డుతో ఆయన ఫోనులో చక్కగా తెరుచుకునేది. బ్రౌజరు మార్చాను, పాత కుకీలన్నీ తుడిచేశాను, చివరికి కీబోర్డు బోర్లించి దులిపాను. (చేప పొలుసులు రాలాయి. అంతకు మించి ఫలితం లేదు.) మావయ్యగారు టీ మీద టీ తెప్పిస్తూనే ఉన్నారు. దాంతో నాకు ఇంకా సిగ్గేసింది.

ఇంతలో కంప్యూటర్ మూల టైము చూశాను. గుడివాడ బస్సు బయల్దేరే వేళయిందని బ్యాగు అందుకున్నాను.

"కంగారెందుకమ్మాయ్, అది మా షెడ్డు టైము. నీ బస్సుకి ఇంకా అరగంటుంది," అన్నారాయన. "గడియారం అరగంట ముందుకి పెట్టకపోతే మావోళ్ళు కదలరు. చేపలు లారీ ఎక్కేలోపే ఐసు కరిగిపోద్ది."

బ్యాగు కింద పెట్టేశాను. లాగిన్ కాగానే మా సైటు తన గడియారం చూసి ఒక కుకీ ఇస్తుంది, ఇరవై నిమిషాల గడువున్న గేటు పాసు లాంటిది. అరగంట ముందున్న ఆ కంప్యూటర్‌ లెక్కలో అది చేతికందేసరికే గడువు చెల్లిపోతోంది. అందుకే బ్రౌజరు దాన్ని అవతల పారేస్తే, పాసు లేదని సైటు మళ్ళీ లాగిన్ పేజీయే చూపిస్తోంది. టైము సరిచేశాను. సైటు తెరుచుకుంది.

మర్నాడు మావయ్యగారు ఫోను చేశారు. "లాగిన్ బ్రహ్మాండంగా అవుతోందమ్మా. లారీయే లేటయింది. మావోళ్ళు ఆ కంప్యూటర్ టైమే చూస్తారు."

వాడేవాళ్ళ గడియారంతో పని లేకుండా సైటునే మార్చమని మేనేజరుని అడిగాను. ఒక్క షెడ్డు కోసమా అన్నారు. అవునండీ అన్నాను. ట్రైనీ నోట ఆ మాట ఆయనకు రుచించలేదుగానీ, మార్పించారు. మావయ్యగారు మా కస్టమరుగా ఉండిపోయారు, నేనూ ఉద్యోగంలో ఉండిపోయాను. ఆయన గడియారం మళ్ళీ అరగంట ముందుకెళ్ళింది. కంప్యూటర్‌ టైము సరిచేసి లోకాన్నే బాగుచేశాననుకుని ఆ సాయంత్రం ఇంటికొచ్చిన ఆ ట్రైనీ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. అంత చిన్న పనికి అంత పెద్ద సంతోషం నాకు మళ్ళీ దొరకలేదు.