అడవిలో పోయిన మెట్టె

మొన్న మీరు పంపిన వీడియో ఇప్పటికి నాలుగుసార్లు చూశాను పిల్లలూ. మీ స్నేహితులతో కలిసి అడవిలో ఆ పొడవాటి మిషన్‌ను ఆకుల మీద అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తున్నారు. అది కుయ్యిమనగానే అందరూ ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూలబడి తవ్వుతున్నారు. అక్కడ పాత నాణెం కోసం మీరు మట్టి జల్లిస్తుంటే, ఇక్కడ బోధన్‌లో మంచం మీద కూర్చున్న నేను ఆ చప్పుడు వినగానే కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. ఎందుకు లాక్కున్నానో మీకు తెలియాలంటే ముందు లస్మవ్వ తెలియాలి.

లస్మవ్వది మా పక్కిల్లు. మధ్యలో నడుమెత్తు గోడ, అంతే. నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. చెరుకు నరికే రోజుల్లో పొలాల్లో కట్టలు కట్టే పనికి పోయేది. ఆమె వేసిన ముడి ఫ్యాక్టరీ గేటు దాటినా సడలదని పేరు. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు తడి కట్టెలతో పొయ్యి రాజేయడం నేర్పింది ఆమే, మీ అమ్మ పుట్టినప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసిందీ ఆమే. అంత చేసిన మనిషి, నేను ఏదైనా పని మీద బయలుదేరుతుంటే మాత్రం లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుంది కదా, తను ఎదురు రాకూడదని. ఎవరూ చెప్పే పనిలేదు, తనే వేసుకునేది. ఆ గొళ్ళెం చప్పుడు విన్నాకే నేను గడప దాటేదాన్ని. మీ దగ్గర దాచడమెందుకు, అందులో తప్పుందని నాకు అప్పుడు తోచనే లేదు.

అప్పట్లో మీ తాత గల్ఫ్‌లో సెక్యూరిటీ పనిలో ఉన్నారు. మా వాడకట్టులోనే ఉండే నా స్నేహితురాలు సుగుణ భర్త కూడా అక్కడే పనిచేసి, మానేసి వచ్చేశాడు. వస్తూ వస్తూ, లోపలికి వచ్చేవాళ్ళ ఒంటి చుట్టూ తిప్పి చూసే, లోహముంటే కుయ్యిమనే మూరెడు మిషన్ పాతదొకటి మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. ఆ ఏడు వానలు వెలిశాక, రుద్రూర్ దాటాక ఉన్న అడవిలో మేకలు కాసేవాళ్ళకు నిజాం కాలం పైసలు దొరికాయని ఊరంతా ఒకటే మాట. మర్నాడే సుగుణ మా ఇంటికి వచ్చింది.

"శాంతా, సీతాఫలాలకు పోతున్నమని మీ అత్తకు జెప్పు. మిషన్ గంపల పెట్టుకుంట."

"దొరికితే ఏం జేస్తవే?"

"ముందుగాల దొరకనియ్యి తల్లీ!"

గోడవతల నుంచి లస్మవ్వ తల పైకెత్తింది. "నన్ను సుత తోల్కపోండ్రి. అడివి నాకెర్క, మీకేమెర్క? మీరు తప్పిపోతే మిమ్ముల ఏ మిషన్‌తోని ఎతకాలె?"

అలా ముగ్గురం పోయాం. తడిసిన టేకు ఆకులు నేలంతా పరుచుకుని ఉన్నాయి. సుగుణ మిషన్ నొక్కి వంగి ఒక్కడుగు వేసిందో లేదో, కుయ్యిమంది. తవ్వాం. ఏమీ లేదు. ఇంకో అడుగు వేసింది, మళ్ళీ కుయ్యిమంది. అక్కడా తవ్వాం. పావుగంటలో ఆరు గుంటలు. అడవంతా పైసలే ఉన్నాయని సుగుణ ఊగిపోతోంది. లస్మవ్వ మాత్రం ఒక రాయి మీద కూర్చుని సీతాఫలం గింజలు ఊస్తూ చూస్తోంది. ఉన్నట్టుండి పగలబడి నవ్వింది.

"ఓ పిల్లా, గది పైసలను సూసి మొత్తుకుంటలేదే. నీ కాలి మెట్టెలను సూసి మొత్తుకుంటున్నది!"

నిజమే. పుస్తెలంటే రవికెలోకి దోపుకున్నాం గానీ మెట్టెలు ఎక్కడ దాస్తాం? వంగి నేల మీద తిప్పే మిషన్ మా వేళ్ళకు ఆనుకునే పోతోంది. మొగుడున్న ఆడది మెట్టెలు తీయడమనేది మాకు మాట వరసకు కూడా లేదు. సుగుణ ముఖం వాడిపోయింది. లస్మవ్వ లేచి ఆ మిషన్ అందుకుని, తల మీది నుంచి పాదాల దాకా తన ఒంటి చుట్టూ తిప్పుకుంది. చిన్న కూత కూడా లేదు.

"సూసిండ్రా? నా మీద సూదంత లేదు. దొంగలకు నేనంటే ఎంత కోపమో!" అంది. సుగుణ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే పాదాలను కుచ్చిళ్ళ కిందికి లాక్కున్నాను.

అక్కడి నుంచి మిషన్ ఆమెదే. సీసా మూతలు, విరిగిన గొడ్డలి ముక్క, ఒక అల్యూమినియం ఐదు పైసల బిళ్ళ దొరికాయి. దేన్ని తీసినా ఆమె కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా మెరిసేవి. నాకు ఆశ పుట్టింది. నేనూ ఒక్కసారి మోగించాలి. చెట్టు చాటుకు వెళ్ళి రెండు మెట్టెలూ తీసి కొంగున ముడేసుకుని వచ్చి, "అక్కా, ఒక్కపారి నాకియ్యి" అన్నాను. చాలాసేపు తిప్పాను. ఒక మోదుగు చెట్టు మొదట్లో కుయ్యిమంది. నాలుగు వేళ్ళ లోతులో, చార్మినార్ బొమ్మ ఉన్న పైస! కేకలు వేస్తూ దాన్ని కొంగున కట్టుకుందామని ముడి చూస్తే, ముడి సడలి ఉంది. లోపల ఒక్కటే మెట్టె.

నా చేతిలోంచి పైస జారిపోయింది. మీ తాత సముద్రం అవతల ఉన్నారు. ఆయన పేరున తొడిగిన మెట్టెను పైస కోసం తీసి పోగొట్టుకున్నాను. అత్తకు ఏం చెప్పను? అంతకంటే, అక్కడ ఆయనకేమైనా అయితే? నేలన కూర్చుండిపోయి ఏడ్చాను. లస్మవ్వ నా కొంగు పట్టి చూసింది.

"గిదేం ముడే? చెరుకు కట్టకు గిట్ల ముడేస్తే లారీ కదలకముందే ఊడుతది. లే. యాడ యాడ తిరిగినవో జెప్పు. ఇద్దరూ దూరం నిలవడుండ్రి."

నేను నడిచిన దారంతా ఆమె వంగి వెతికింది. మేం దగ్గరికి పోతే మిషన్ మా ఒంటి మీదివాటికే మోగుతుంది. మౌనంగా ఉన్న ఆ ఒళ్ళే ఆ పని చేయగలదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. నడుం పట్టుకుంటోంది, మళ్ళీ వంగుతోంది. చివరికి నేను మెట్టెలు తీసిన ఆ చెట్టుకు పది అడుగుల దూరంలో సన్నగా కుయ్యిమంది. ఆకులు తోసి, మట్టి తుడిచి, మెట్టెను దూరం నుంచే చాచిన అరచేతిలో చూపింది.

"తొడుక్కో."

"నువ్వే తొడుగక్కా."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "నేనా? నీకేమన్న పిచ్చా? సుగుణతోని తొడిగిచ్చుకో."

"దొరకవట్టింది నువ్వు. ఇంకెవ్వరు తొడిగినా నాకద్దు" అని కాలు ముందుకు చాపాను. లస్మవ్వ నా కాళ్ళ దగ్గర కూర్చుంది. చెరుకు ఆకులు కోసి గీతలు పడిన ఆ వేళ్ళతో రెండూ తొడిగింది. తొడిగి, తలెత్తకుండా, "ఎన్నేండ్లాయెనో మెట్టె ముట్టుకోక" అంది.

మీ తాత వస్తున్న రోజు బస్టాండుకు బయలుదేరాను. గొళ్ళెం పడ్డ చప్పుడు వినిపించింది. నేను వెళ్ళి ఆ తలుపు తట్టాను.

"అక్కా, బయటికి రా. నువ్వు ఎదురొస్తెనే పోత."

"మీ అత్త సూస్తదే!"

"సూడనియ్యి."

పిండి అంటిన చేతులతో వచ్చి ఎదురు నిలబడింది. ఆ తర్వాత ఆ తలుపు నా కోసం ఎప్పుడూ మూసుకోలేదు.

మీ తాత పోయిన పదో రోజు మీకు గుర్తుండదు, చిన్నవాళ్ళు. ఆడవాళ్ళు నా చుట్టూ మూగి గబగబా మెట్టెలు లాగబోతుంటే, నడుం వంగిపోయిన లస్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "ఆగుండ్రి. గవి నేను తొడిగిన. నేనే తీస్త" అంది. ఆడవాళ్ళు పక్కకు జరిగారు. వేళ్ళకు కొబ్బరి నూనె రాసి, నొప్పి తెలియకుండా మెల్లగా తిప్పి తీసింది. తీసి నా కొంగునే ముడేసింది. "గీ ముడి ఊడది పిల్లా. నీకు తొడుక్కోబుద్ధైనప్పుడు నువ్వే ఇప్పుకో" అని చెవిలో చెప్పింది.

ఆ కొంగు ముక్కను కత్తిరించి పెట్టెలో దాచుకున్నాను. నిరుడు లస్మవ్వ కూడా పోయింది. ఆమెను సాగనంపి వచ్చిన రోజు దాన్ని తీసి కూర్చున్నాను. విప్పడానికి నాకు ఒక పూటంతా పట్టింది.

ఈసారి వచ్చేటప్పుడు ఆ మిషన్ కూడా తెచ్చుకోండి. రుద్రూర్ అడవికి నేను తీసుకుపోతాను, మోదుగు చెట్టు చూపిస్తాను. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. నా పాదాల దగ్గర అది తప్పకుండా మోగుతుంది. తొందరపడి తవ్వకండి.