భద్రయ్య బిగించిన తొలి ఇంజన్

సింగపూరులో, బుకిట్ బటోక్‌లోని ఆ కార్ల షెడ్డులో భద్రయ్య ఏళ్ల తరబడి ఆయిలు మార్చాడు, బ్రేకులు సరిచేశాడు. ఇంజన్ విప్పి బిగించే పని మాత్రం యజమాని తానే చేసుకునేవాడు. అందరూ తౌకే అని పిలిచే ఆ చైనా పెద్దాయనకు ఈమధ్య చూపు మందగించింది. అందుకే శశికాంత్ అనే కుర్రాడి టర్బో కారు ఇంజన్ పనిని భద్రయ్యకు అప్పగించాడు. పిస్టన్లు మొదలుకొని అన్నీ భద్రయ్యే బిగించాడు. అది నిలబడితే ఇకమీద ఇంజన్లన్నీ తనకే. లేకపోతే మళ్లీ ఆయిలు డబ్బాలే.

కారు తీసుకెళ్లిన మర్నాడే శశికాంత్ తిరిగొచ్చాడు.

“అంకుల్, ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే అసలు పికప్ లేదు. తువాస్ వెళ్లే లారీలు కూడా నన్ను దాటిపోతున్నాయి.”

“ఏటైనాది బాబూ?” అంటూనే భద్రయ్య బానెట్ ఎత్తాడు. ఇంజన్ బలమంతా పిస్టన్ గాలిని అణిచిపట్టడంలోనే ఉంది. టర్బో ఇంకాస్త గాలిని లోపలికి ఊదుతుంది. ఆ గాలి పిస్టన్ పక్కనుంచి జారిపోతోందంటే తప్పు తన చేతులదే.

తౌకే వేడి కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, “ముందు తాగు లా. తర్వాత చూద్దాం,” అన్నాడు, అక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ చేరుస్తూ. ఆ మాటకే భద్రయ్యకు సగం ప్రాణం లేచొచ్చింది. సింహాద్రి అప్పన్నను తలుచుకుని, ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌కూ గాలి ఒత్తిడి చూసే గేజి బిగించాడు. శశికాంత్ స్టార్టర్ తిప్పాడు. నాలుగింటిలోనూ ముల్లు ఒక్కచోటికే ఎక్కి నిలిచింది.

“ఇంజన్ గుడ్ లా,” అన్నాడు తౌకే, కళ్లద్దాలు పైకి నెట్టుకుంటూ. “మరి గాలి లోపలికి వస్తోందా?”

భద్రయ్య ఫిల్టరు డబ్బా మూత తీశాడు. లోపల బంతిరేకులు వానకు తడిసి ముద్దై, ఫిల్టరంతా అట్టకట్టి ఉన్నాయి.

“పూజ సేయించారేటి బాబూ?”

శశికాంత్ నాలుక కరుచుకున్నాడు. “నిన్న ఇక్కణ్ణుంచి సీదా గుడికే వెళ్లాం అంకుల్. మా ఆవిడ అరుంధతి పెద్ద దండే కావాలంది. కారు ముందున్న జాలీకి కట్టేసి, వానలో అలాగే డ్రైవ్ చేశా.”

“మంచిపనే సేసారు. దేవుడి దండ టర్బో తినేసినాది. ఈపాలి లోపలి అద్దానికి కట్టండి, సిన్నది.”

సంగతి విని తౌకే కడుపు పట్టుకుని నవ్వాడు. భద్రయ్య రేకులను కాళ్లకింద పడనివ్వకుండా ఏరి, గుమ్మం పక్కనున్న మొక్క మొదట్లో వేశాడు. కొత్త ఫిల్టరు వేశాక శశికాంత్ ఒక చుట్టు తిరిగొచ్చి, కారు దిగకముందే నవ్వాడు.

తౌకే అప్పటికే షెడ్డు వెనక నిలిపి ఉన్న మరో కారు దగ్గరికి నడిచి, దాని తాళం భద్రయ్య వైపు చాచాడు.

“ఇదీ ఇంజన్ పనే. నువ్వే విప్పు లా.”

భద్రయ్య చెయ్యి తుడుచుకుని అందుకున్నాడు.