అడ్డం పెట్టిన కొమ్మ

మొన్న ఆదివారం గద్వాల నుంచి ఊరికి వెళ్తే, మా చేని దారికి నాన్న ఇనుప గేటు పెట్టించి ఉన్నారు. పెద్దమందడి దాటాక మట్టిబాట దిగి, ఎప్పటిలాగే వంగి, దారికి అడ్డం పెట్టే తుమ్మకంప కోసం చెయ్యి చాపాను. కంప లేదు. నీలం రంగు గేటు, దానికో తాళం. అసలే ఒక చోట కుదురుగా నిలబడలేని మనిషిని. నాన్న తాళంచెవి తెచ్చేదాకా గేటు ముందు అటూ ఇటూ తిరుగుతుంటే, ఏడేళ్ళ కిందట నల్లమలలో గడిపిన ఒక మధ్యాహ్నం మళ్ళీ నా కాళ్ళలోకి వచ్చింది.

మన ఈడు ఆడపిల్లలకు చెప్పనక్కరలేదు, ఇంట్లో అడిగి రెండు రోజులు బయటికి వెళ్ళడమంటే ఏమిటో. నాది డిగ్రీ చివరి ఏడాది. పట్నంలో హాస్టల్లో ఉండి పీజీ చదవాలని నా కోరిక. ఆ మాట ఎత్తినప్పుడల్లా నాన్న చెప్పులు వేసుకుని చేనికి వెళ్ళిపోయేవారు. అప్పుడే వనపర్తి నుంచి పన్నెండు మందిమి, వీపున సంచులు వేసుకుని, దారి చూపే మనిషి వెంట అడవిలో నడిచే ఏర్పాటు ఒకటి కుదిరింది. అడిగితే నాన్న, "ముందుగాల అడివికి పోయి సక్కగ రా. పట్నం ముచ్చట తర్వాత సూద్దం" అన్నారు. వదిన తోడు వెళ్ళాలని, ఆమె కంటి ముందు నుంచి కదలకూడదని షరతు. అలా ఆ నడక నాకు పరీక్ష అయింది.

వదిన అంటే మా అన్న భార్య, పెళ్ళయి అప్పటికి ఏడాది, నాకంటే ధైర్యస్థురాలు. మన్ననూరు దాటి అడవిలో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఆమె అందరితో మాట్లాడుతూ ముందు నడిచేది, నేను చెట్ల పేర్లు రాసుకుంటూ చివర నడిచేదాన్ని. సంచి పట్టీలు భుజాలను కోసేవి. చెంచుల పెంటలో, అంటే వాళ్ళ గుడిసెల గుంపు పక్కన, రాత్రి బస చేసి, పొద్దున్నే రాళ్ళపొయ్యి మీద వండిన చింతపండు అన్నం తిన్న రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. మాకు దారి చూపిన చెంచు పెద్దాయనను అందరం పెద్దయ్య అని పిలిచేవాళ్ళం. ఆయన తక్కువ మాట్లాడేవాడు. మొదటి రోజు మాత్రం అందరినీ నిలబెట్టి, "తప్పిపోతె యాడోళ్ళు ఆడ కూసోండ్రి. కూసున్నోళ్ళను దొరకవట్టుడు అల్క. తిరిగెటోళ్ళను దేవుడు గూడ పట్టలేడు" అన్నాడు. దాని తర్వాత దారి గుర్తుల గురించి కూడా ఏదో చెప్పాడు గాని, నేను అప్పుడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం అందరూ ఒక మలుపు తిరిగారు, నేను డైరీలో రెండు వాక్యాలు రాసుకోవడానికి ఆగాను. మలుపు తిరిగేసరికి ఎవరూ లేరు, దారి రెండుగా చీలి ఉంది. ఒకటి ఖాళీగా ఉంది. రెండో దానికి పచ్చి ఆకులున్న కొమ్మ అడ్డంగా పడి ఉంది. నేను రవ్వంత కూడా అనుమానపడలేదు. మా చేలలో కంప అడ్డం ఉన్నదే మనుషుల బాట. ఖాళీగా ఉన్నది పశువులు తొక్కిన తోవ. కొమ్మ ఎత్తి లోపలికి వెళ్ళాను. చిన్నప్పటి నుంచి నాన్న నేర్పినట్టుగా, లోపల నిలబడి నరికిన మొదలు పట్టుకుని లాగి, దాన్ని మళ్ళీ జాగ్రత్తగా అడ్డం పెట్టాను.

ఆ బాట ఎండిపోయిన వాగు రాళ్ళలో ముగిసిపోయింది. తిరిగి వద్దామంటే ఎటు నుంచి వచ్చానో తెలియలేదు. సిగ్గు ఎంత చెడ్డదంటే, అక్కడ కూడా గొంతెత్తి పిలవడానికి మొహమాటపడ్డాను. చివరికి పిలిస్తే అది నా గొంతులాగే లేదు. కూర్చోమన్న పెద్దయ్య మాట గుర్తుకొచ్చి రాయి మీద కూర్చున్నాను. రెండు నిమిషాలకు లేచాను. మళ్ళీ కూర్చున్నాను. దూరంగా ఈల ఒకటి వినిపించి, దగ్గరికి రావలసింది పోయి ఇంకా దూరమైంది. పులి గుర్తు రాలేదు. ఈ సంగతి తెలిశాక నాన్న చెప్పులు వేసుకుని చేనికి వెళ్ళిపోవడం మాత్రం కళ్ళకు కట్టింది. కాళ్ళు ఆగకపోతే డైరీ తీసి 'కూర్చో' అని రాశాను. పేజీ నిండింది.

ఎండ చెట్ల కొసలకు ఎక్కిన వేళ పెద్దయ్య వచ్చాడు. అడుగుల చప్పుడు కూడా లేదు. నీళ్ళ సీసా ఇచ్చి, నేను తాగాక, "కొమ్మ తీసినవ్, సరె. మల్ల ఎందుకు పెట్టినవ్ బిడ్డా?" అని అడిగాడు.

"పశువులు చేన్ల పడ్తయని" అన్నాను.

ఆయన నవ్వు మొదలుపెట్టి చాలాసేపు ఆపలేకపోయాడు. "ఈడ ఎవ్వని సేనున్నది బిడ్డా, పడెతందుకు?"

అడవిలో, వెనక వచ్చేవాళ్ళు పోకూడని దారికే కొమ్మ అడ్డం వేస్తారట. అది కదలకుండా ఉందని వెతికేవాళ్ళు రెండుసార్లు దాని ముందు నుంచే వెళ్ళిపోయారట. మూడోసారి పెద్దయ్య ఆగి చూశాడు. చెంచులు కొమ్మ నరికిన మొదలును పోవలసిన దారి వైపు పెడతారట. ఇది లోపలి వైపు తిరిగి ఉంది. "సేను గలోళ్ళ పిల్ల ఎవరో లోపట నిలవడి గుంజిందని సమజైంది" అన్నాడు.

వదిన తిట్టలేదు. చెయ్యి మీద గట్టిగా గిల్లి, బస్సులో ఊరు చేరేదాకా నా సంచి పట్టీని వదలలేదు. ఇంటికి వెళ్ళాక నాన్న అడిగింది ఆమెనే. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. "మంచిగనే నడిసింది మామా. అందరికన్న జర ఎనుక నడిసింది, గంతే" అంది. ఆ వానాకాలం మొదట్లో నాన్నే నా ట్రంకుపెట్టె మోసుకుని పట్నం వచ్చారు. ఆయనకు ఈనాటికీ ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు అలాంటి నడకలకు వెళ్ళేవాళ్ళ చేతుల్లో ఫోన్లే దారి చూపిస్తున్నాయి. మా చేలకు ఒక్కొక్కటిగా గేట్లు వస్తున్నాయి. కంపలు కొట్టి మోసుకొచ్చే ఓపిక ఎవరికి ఉంది, నాన్న చేసింది తప్పు కాదు. మొన్న ఆయన తాళం తీశాక లోపలికి వెళ్ళి, గేటు మూసి, నాలుగడుగులు వేసి, ఎందుకో ఆగలేక వెనక్కి వచ్చి చూశాను. ఇనుము ఎవరు మూసినా ఒకేలా ఉంటుంది. ఈ దారిన నేను పోయానని, వెనక వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు అది ఏమీ చెప్పదు.