వరదరాజులు మామ నేర్పిన నిదానం

నిన్న కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం సిగ్నల్ దగ్గర మా ముందు ఆగిన బండివాడు క్లచ్ సగం పట్టుకుని ఊరికే రేజ్ చేస్తున్నాడు. కాసేపటికి కాలిన క్లచ్ ప్లేటు వాసన మొదలైంది. మాడిన వేరుశెనగకు రబ్బరు పొగ తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. నా వెనక కూర్చున్న మా ఆయన ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం హెల్మెట్ అద్దం పైకెత్తి గుండెల నిండా పీల్చాను. ఆయన నా భుజం తట్టి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. మా ఆయనది చిత్తూరు. ఇరవయ్యేళ్ళ వయసులో నేను ముందు చక్రం గాలిలోకి లేపి బండి నడిపేదాన్నని పెళ్ళినాడే చెప్పాను కానీ, ఇప్పటికీ అది నా గొప్పలలో ఒకటని ఆయన అనుకుంటాడు. వరదరాజులు మామను బండి మీద చూసి ఉంటే అలా అనుకునేవాడు కాదు.

వరదరాజులు మామ మాకు చుట్టం కాడు. కోయంబత్తూరులో మా వీధిలో తెలుగు మాట్లాడే మగవాళ్ళందరూ మాకు మామలో చిన్నాయనలో అయ్యేవాళ్ళు. ఎన్ని తరాల క్రితం ఇటు వచ్చామో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పనిచోట ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నదే పెళ్ళయ్యాక, చిత్తూరు అత్తగారింట్లో. మామ పంపుల కంపెనీలో ఇనుము చెక్కే లేతు మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరై, ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక పాత లేతు పెట్టుకున్నాడు. ఆయనంత నిదానమైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన ఒక కాఫీ తాగేలోపు రెండో డికాషన్ దిగిపోతుందని అమ్మ అనేది. ఆయుధపూజనాడు మా వీధిలో జరిగే ఆటల్లో నిదానం సైకిల్ పందెం ఒకటి ఉండేది. కాలు కింద పెట్టకుండా అందరికన్నా ఆఖరున చేరినవాళ్ళు గెలిచినట్టు. మిగతావాళ్ళు చేరి, మజ్జిగ తాగి, చొక్కాలు మార్చుకున్నా మామ ఇంకా సగం దారిలోనే ఉండేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున, పంచె మడిచి కట్టుకుని, రిపేరుకు వచ్చిన ఎవరిదో బైకు మీద మా వీధిలో వస్తున్నాడు. ముందు చక్రం ఆయన తలకన్నా ఎత్తులో ఉంది. వేగమా, మనిషి నడిచేంతే. ఎదురుగా కరివేపాకు బుట్టతో వస్తున్న ఆమె, "ఏమండీ, కరివేపాకు కావాలా?" అంది. ఆయన చక్రం దించకుండానే "నాకు వద్దు, ఇంట్లో అడుగు" అని జవాబు చెప్పి, మెల్లగా ముందుకు పోయి, పిల్లిని దించినంత సున్నితంగా చక్రాన్ని నేల మీద పెట్టాడు. నేను గేటు దగ్గర చేతిలో పళ్ళపొడితో నిలబడిపోయాను. ఇది నేర్చుకోకపోతే బతకలేననిపించింది. ఆ వయసులో అలా అనిపించేవి చాలా ఉండేవి, కానీ దీన్ని మాత్రం వదల్లేదు.

అప్పుడు నేను ఫిజియోథెరపీ రెండో ఏడు చదువుతున్నాను. అన్న కారు కొనుక్కుని తన బైకు నాకిచ్చేశాడు. మా నాన్నను నైనా అనేవాళ్ళం. నైనాకు అది సుతరామూ ఇష్టం లేదు. మోటార్లకు తీగ చుట్టే షాపు ఆయనది. ఏ యంత్రమైనా ఏదో ఒకరోజు కాలిపోతుందన్న నమ్మకంతోనే బతికేవాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఒక గీత పడనీ, ఆ రోజే అమ్మేస్తాను." ఉత్తమాట కాదది. రోజూ షాపు నుంచి రాగానే కళ్ళజోడు పెట్టుకుని ట్యాంకు చుట్టూ తిరిగి చూసేవాడు. ఆ బైకు పోతే కాలేజీకి రెండు బస్సులు మారాలి, ఎక్కడికి పోవాలన్నా ఒకరిని బతిమాలాలి. ఇంట్లో నాదంటూ ఉన్న మొదటి వస్తువు అది. అది పోతుందేమోనని భయపడుతూనే మామ షెడ్డుకు వెళ్ళాను.

"మామా, నాకు వీలింగ్ నేర్పిస్తారా?"

మామ లేతు ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"షూ ఉండాదా?"

"ఉండాది మామా."

"చెప్పులేసుకొని వస్తే పంపించేస్తాను. అప్పరం ఇంకొకటి పాపా. లేపేది ఒక్క దినంలో వచ్చేస్తుంది. దించేదానికిదా నాళ్ళు పట్టేది. అది ముందు నేర్చుకో."

మొదటి నెలంతా ముందు చక్రం వెంట్రుకవాసి కూడా లేవలేదు. ఊరి చివర మూతపడిన నూలు మిల్లు వెనకాల గ్రౌండు ఉంది. అక్కడి వాచ్‌మన్ మామకు పాత స్నేహితుడు. మామ చేతిలో కాఫీ గ్లాసుతో నడిచేవాడు. నా బండి ఆయన్ని దాటకూడదు, నా కాలు నేలకు తగలకూడదు. ఎడమచేత్తో క్లచ్ సగం, కుడికాలితో వెనక బ్రేకు కొద్దిగా. మూడురోజులకే క్లచ్ ప్లేట్లు మాడి ఆ వాసన నా జడలోకి ఎక్కింది. అమ్మ రెండుసార్లు తలంటింది. రాహుకాలంలో మామ బండి ముట్టనిచ్చేవాడు కాదు. పైగా ఎక్కడ కనబడినా చటుక్కున "తొక్కు!" అనేవాడు. ఆ మాట వినగానే నా కుడికాలు దానంతటదే వెనక బ్రేకు తొక్కాలి. బండి మరీ వెనక్కి వాలితే కాపాడేది ఆ బ్రేకు ఒక్కటే. వీధిలో, పాలబూతు దగ్గర, కడకు పెరుమాళ్ళ గుడిలో ప్రదక్షిణం చేస్తుండగా కూడా వెనకనుంచి వచ్చి మెల్లగా "తొక్కు" అన్నాడు. నా కాలు ముందు నడుస్తున్న పెద్దావిడ మడమను తొక్కేసింది. ఆమెకు క్షమాపణలు చెప్పుకుంటుంటే మామ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూ, "ఇప్పుడు వస్తాండాది" అన్నాడు.

రెండో నెలలో ఆయన లేతు మీద ఒక ఇనప చెయ్యి చేశాడు. దాని కొసన మిల్లు ట్రాలీ చక్రం ఒకటి. బండి వెనక బిగిస్తే, ఎంత లేపినా వెల్లకిలా పడదు. మేము దాన్ని వంకరకాలు అనేవాళ్ళం. నైనాకు కనబడకుండా మామ షెడ్డులోనే ఉండేది. దాని ధైర్యంతో క్లచ్ ఒక్కసారి వదిలితే ముందు చక్రం లేచేది, వంకరకాలు నేలకు టక్కున తగిలేది, నేను కెవ్వుమనేదాన్ని. రోజులు గడిచేకొద్దీ టక్కులు తగ్గాయి. ఒక పొద్దున ఒక్క టక్కు కూడా లేకుండా గ్రౌండు ఆ చివరిదాకా పోయి దించాను. సంతోషంగా వెనక్కి తిరిగి చూస్తే మామ తాపీగా నడిచి వస్తున్నాడు. వంకరకాలు ఆయన చంకలో ఉంది. నాకు చెప్పకుండానే విప్పేశాడు. కోపంతో ఏడుపు వచ్చింది నాకు, ఆయనేమో కాఫీ చల్లారిపోయిందని బాధపడ్డాడు.

ఆ మరుసటి ఆదివారం పొద్దున పోలీసు జీపు వచ్చింది. మిల్లు గ్రౌండులో ఎవరో సర్కస్ చేస్తున్నారని ఎవరో చెప్పారట. సబ్ ఇన్‌స్పెక్టర్ దిగి, ఎవరు మీరు, ఏం జరుగుతోందిక్కడ అని తమిళంలో గద్దించాడు. ఇక్కడ మావాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. చీరల కొట్లో, ఆస్పత్రిలో, బస్సులో, ఎదుటిమనిషి ముక్కు కిందే నిలబడి అతని గురించి తెలుగులో నిశ్చింతగా మాట్లాడుకుంటాం. మా తెలుగు మా ఇంటి గోడలు దాటి ఎవరికీ తెలియదని పుట్టినప్పటినుంచీ మా నమ్మకం. మామ కూడా అలాగే, ముఖంలో వినయం ఏమాత్రం చెదరకుండా నాతో అన్నాడు.

"పాపా, ఏడుపు మొగం పెట్టుకో. క్లచ్ వైరు తెగి బండి అదిగానే లేసిందని చెప్తాను. ఈ మీసాలాయనకు బండి గురించి ఏమీ తెలిసినట్టు లేదు."

నేను ఏడుపు ముఖంతోనే, "ఆ బొజ్జ చూడండి మామా, టిఫిను తినకుండా వచ్చినట్టుండాడు. బిరీన పోతాడులే" అన్నాను.

తర్వాత మామ వైరు తెగిన కథను చక్కటి తమిళంలో విన్నవించాడు. ఇన్‌స్పెక్టర్ అంతా విన్నాడు. వంగి క్లచ్ వైరు చూశాడు, అది నిక్షేపంగా ఉంది. అప్పుడు నా వైపు తిరిగి, "టిఫిను తినేసిదా వచ్చినానమ్మా. ఈ బొజ్జ మా నైనాది, నాకిచ్చి పోయినాడు" అన్నాడు.

జన్మలో మొదటిసారి వరదరాజులు మామ గబగబా మాట్లాడబోయి తడబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపి, మావాళ్ళు ఎక్కడ కలిసినా మొదట అడిగే ప్రశ్న అడిగాడు. "మీ ఇంటిపేరు ఏమి?" చెప్పాను. ఆయనది మదురై వైపు చిన్నమనూరు, ద్రాక్షతోటలవాళ్ళు. వేళ్ళు మడుస్తూ మదురై మీదుగా ఎవరెవరి పెళ్ళిళ్ళో దాటుకుంటూ లెక్కేసి, మూడో వేలు దగ్గర ఆగిపోయి, "అట్లయితే నేను నీకు పెద్దనైనా అవతాను గదా!" అన్నాడు. చలానా రాస్తే పుస్తకంలో దాచుకునేదాన్ని. చుట్టరికాన్ని ఎక్కడ దాచను?

"పెద్దనైనా, చలానా రాసేయండి" అని బతిమాలాను.

"ఛ! సొంతక్కారుల పాపకు ఎవురన్నా చలానా రాస్తారా? సాయంకాలం రాహుకాలం పోయినాక మీ ఇంటికి వచ్చి కాఫీ తాగతాను."

అన్నట్టే వచ్చాడు. అమ్మ బోండాలు వేసింది. నైనా కొత్త చుట్టం దొరికిన సంబరంలో ఉన్నాడు. రెండో బోండా తింటూ పెద్దనైనా పొద్దుటి ముచ్చటంతా చెప్పేశాడు, పాపం ఎంతో మెచ్చుకుంటూనే. "మీ పాప ముందు చక్రం ఆకాశంలో పెట్టుకొని గుడికి పోయినట్టు పోతాండాది!" నైనా ఆయన జీపు సందు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత లోపలికి వచ్చి, "రేపు పొద్దున బండి కొనేవాళ్ళు వస్తారు" అన్నాడు.

"ఒక గీత కూడా పడలేదు నైనా! కావాలంటే చూడు."

"బండికి గీత పడితే పెయింటు కొడతారు. నీకు పడితే ఏమి కొడతారు?" అన్నాడు నైనా.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి మామ వచ్చాడు. చెప్పులు గేటు బయటే విడిచాడు. నైనా కుర్చీ చూపించలేదు.

"తప్పు నాదిదా" అన్నాడు మామ. "అమ్ముకో, నేను వద్దనను. ఒక్కతూరి చూసి అమ్ము. పాప లేపేది చూడవద్దు. దించేది చూడు."

"సరి, ఇప్పుడే చూపించమను."

"ఇప్పుడు రాహుకాలం. తొమ్మిదికి మేల్దా, అది పోయినాక."

నైనా ఎంత కోపంలో ఉన్నా రాహుకాలంలో కొత్త బల్బు కూడా వేయడు. కాదనలేకపోయాడు. ఇంతలో బండి కొనే ఆయన వచ్చాడు. రాహుకాలంలో బేరం మాట్లాడకూడదని ఆయనా వరండాలో కూర్చున్నాడు. ముగ్గురు మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గంటసేపు కూర్చున్నారు. అమ్మ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. నేను షూ లేసులు ఆరుసార్లు కట్టుకున్నాను.

తొమ్మిది దాటాక వీధిలోకి వచ్చాం. కింద పడితే బండి ఒక్కటే కాదు, వీధిలో మామ పరువు కూడా పోతుంది. క్లచ్ వదిలాను. చక్రం లేచింది. ఆకాశం, కరెంటు తీగలు, ఎదురింటి మేడ మీద ఆరేసిన చీర కనిపించాయి. అంతా కుదిరాక పక్కన చెప్పుల చప్పుడు వినబడింది. కంటికొసన చూస్తే నైనా. నేను పోతున్నది అంత నిదానం కాబట్టి నాతోపాటు నడుస్తున్నాడు. ఒక చెయ్యి నా వీపుకు జానెడు దూరంలో, తగలకుండా, పట్టుకోవడానికి సిద్ధంగా పెట్టుకుని మూడిళ్ళ దూరం అలాగే నడిచాడు. నాలుగో ఇంటి ముందు మెల్లగా బ్రేకు తొక్కాను. చక్రం చప్పుడు లేకుండా దిగింది. నైనా చెయ్యి మాత్రం కాసేపు గాలిలోనే ఉండిపోయింది.

కొనడానికి వచ్చినాయన చప్పట్లు కొట్టాడు. నైనా ఆయనతో, "మన్నించండి, అమ్మేది లేదు" అన్నాడు. తర్వాత మామ దగ్గరికి పోయి గొంతు తగ్గించి, "వరదా, ఆదివారం ఎన్ని గంటలకు పోతారు?" అని అడిగాడు. అలా నా బైకు వారంలో ఆరు రోజులే నాదయింది. నైనా రెండేళ్ళు ప్రయత్నించి ముందు చక్రాన్ని బెత్తెడు లేపాడు. అదీ వంకరకాలు బిగించి.

మామ పోయి రెండేళ్ళయింది. ఆ రోజు రేకుల షెడ్డులో నిలబడితే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన్ని నేను చాలా ప్రేమించానని అక్కడే తెలిసింది. ఆయన ఉండగా ఒక్కసారీ చెప్పలేదు, అదే ఇప్పటికీ బాధ. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆడపిల్లకు ఇది ఎందుకని అమ్మ అడిగింది, నైనా అడిగాడు, పెద్దనైనా నవ్వుతూనే అడిగాడు, వీధి వీధంతా అడిగింది. మామ మాత్రం అన్ని నెలల్లో ఒక్కరోజు కూడా అడగలేదు.

పోయిన నెల నా క్లినిక్‌కు మోకాలి ఆపరేషన్ అయిన ఒకామె వచ్చింది. వయసు అరవై రెండు. వ్యాయామాలన్నీ చేసి, చివర్లో సిగ్గుపడుతూ, తనకు సైకిలు నేర్చుకోవాలని ఉందని చెప్పింది. పక్కనున్న కొడుకు నవ్వేశాడు. ఈ వయసులో ఎందుకమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. టేపు తీసుకుని ఆమె కాలు పొడవు కొలిచి, సీటు ఎంత ఎత్తులో ఉండాలో చీటీ మీద రాసిచ్చాను.